కమలాదేవి గారున్నారాండీ?

స్నేహలత దగ్గర ఒక లాంగ్ నోటుబుక్కు ఉండేది. అందులో మూడు వందల పేర్లు, మూడు వందల ఫోన్ నంబర్లు. సకల జనుల సమ్మె మొదలయ్యాక యూనివర్సిటీలో క్లాసులు బందయ్యాయి, ఊళ్ళో బస్సులు బందయ్యాయి. ర్యాలీ ఎక్కడో, ధర్నా ఎన్ని గంటలకో ఆ మూడు వందల మందికీ మెసేజీల్లో చెప్పే పని స్నేహలత నెత్తిన వేసుకుంది. పేరు రాయించుకునేటప్పుడు ఒక్కొక్కరికీ మాటిచ్చింది.

"ఈ బుక్కు నా చెయ్యి దాటది. నన్ను నమ్మున్రి."

అది చిన్న మాట కాదు. ఆ బుక్కు పోలీసుల చేతిలో పడితే అందులో ఉన్న ప్రతి పేరూ ఒక కేసు కావచ్చు. కేసు పడ్డవాడికి సర్కారు కొలువు కల్ల. హాస్టల్ పిల్లలు లాఠీలకు వీపు చూపించారేమోగానీ ఆ ఒక్క భయానికి మాత్రం ఎవరూ అతీతులు కారు. కౌలు పొలం చేసి చదివిస్తున్న తండ్రి ఉన్న స్నేహలత అసలే కాదు.

సెప్టెంబరు చివర సర్కారువాళ్ళకు ఒక మంచి బుద్ధి పుట్టింది. అడ్డమైన ప్రకటనల బెడద తగ్గించాలని, ఒక సిమ్ము నుంచి రోజుకు నూరు మెసేజీలకు మించి పోకూడదని నిబంధన పెట్టారు. ప్రకటనల కంపెనీలు హాయిగా వేరే దార్లు వెతుక్కున్నాయి. ఇరుక్కున్నది స్నేహలత లాంటివాళ్ళు. నూటొకటో మెసేజీ కొట్టగానే ఫోను "పోలేదు" అని చెప్పేది.

చేసేది లేక పేర్లు మూడు వాటాలు వేసింది. మూడు కాగితాల మీద నూరేసి పేర్లు ఎక్కించి, హబ్సిగూడ పోయే దారిలో ఎంకన్న షాపులో జిరాక్సు తీయించింది. అసలు కాగితాలు మూడూ తన దగ్గర పెట్టుకుని, రెండు వాటాల నకళ్ళు ఇద్దరికి ఇచ్చింది. ఎంకన్న పైసలు తీసుకోలేదు. "ఉద్యమానికి పైసలా అక్కా, సిగ్గు గాదా నాకు?" అన్నాడు. ఎంత మంచివాడని మురిసిపోయింది.

ఒక వాటా పరుశురాంది. స్నేహలత వాళ్ళ జిల్లావాడే, గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. రెండో వాటా సుధామయిది.

సుధామయి స్నేహలత క్లాస్‌మేట్. వాళ్ళ నాన్న శ్రీనివాసరావు పాతికేళ్ళ కింద గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి తార్నాకలో ఫ్లాటు కొనుక్కున్నారు. సుధామయి పుట్టిందీ పెరిగిందీ తార్నాకలోనే. ఇంట్లో తండ్రితో రోజూ గొడవ పడి మరీ ధర్నాకు వచ్చేది. మొదటి రోజే పరుశురాం మొహం ముడుచుకున్నాడు.

"ఆంధ్రపిల్లతోని మనకేం పనే?"

"నా జిమ్మేదారి," అంది స్నేహలత, సుధామయి చెయ్యి పట్టుకుని. ఆ పూచీ అప్పుడు నిజంగానే తీసుకుంది.

వాటాలు పంచిన నాలుగు రోజులకు ఫోన్లు మొదలయ్యాయి. కంప్యూటర్ కోర్సు సగం ఫీజుకే అని ఒకటి, బ్యాంకు కోచింగ్ అని ఒకటి, ఇన్సూరెన్సు అని ఇంకొకటి. మీటింగులో ఉన్నా, మెస్సులో ముద్ద నోట్లో ఉన్నా చెవిలో జోరీగలా అదే గోల. స్నేహలతది మామూలు బటన్ల ఫోను, నంబరు అడ్డుకునే సౌకర్యం దానికి లేదు. ఉపాయం చెప్పింది సుధామయే.

"మాట్లాడావంటే వదలరు స్నేహా. ఆ నంబర్ని 'ఎత్తకు–ఒకటి' అని సేవ్ చేసుకో. ఇంకోటొస్తే 'ఎత్తకు–రెండు'. దానికి రింగ్‌టోన్ లేకుండా పెట్టెయ్. అదే మోగి మోగి పోతుంది... కాదు, మోగదు కూడా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. సుధామయి ఫోనులో అప్పటికే ఎనిమిది ఎత్తకులు ఉన్నాయి.

ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు. హాస్టల్ మెస్సులో అడిగి చూస్తే, ఈ ఫోన్లు వస్తున్నది బుక్కులో పేరున్నవాళ్ళకే. పేరు రాయించుకోని పక్కగది పిల్లకు ఒక్కటంటే ఒక్కటి లేదు. కోర్సులమ్మే వాడి చేతికి అందిన కాగితం ఠాణాకు అందదని ఏమిటి? అసలు ఇవి కోర్సుల ఫోన్లేనా, లేక ఎవరెక్కడున్నారో కనుక్కునే ఎత్తా? ఫోను చేసే ఆడపిల్ల ప్రతి మాటకూ "అండీ" తగిలించేది. ఆ "అండీ" స్నేహలత చెవిలో ముల్లులా ఆగిపోయింది.

అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతం సుధామయి భుజం మీదే కూర్చున్నట్టు స్నేహలతకు కనిపించడం మొదలైంది. సుధామయి ఫోనులో గుసగుసగా మాట్లాడితే అనుమానం. త్వరగా ఇంటికి పోతే అనుమానం. పోకపోతే ఇంకా అనుమానం. పరుశురాం మాత్రం రోజూ మూడు సార్లు అరిచి అందరి మీదా కేకలు వేసేవాడు కనక వాడి మీద అనుమానమే రాలేదు.

అయినా రుజువు కావాలి కదా. ఒక మధ్యాహ్నం గది తలుపు వేసుకుని స్నేహలత మూడు కాగితాలూ మళ్ళీ రాసింది. ఈసారి సుధామయి కాగితంలో యాభయ్యో పేరుగా లేని మనిషిని ఒకదాన్ని పుట్టించింది: కమలాదేవి. పరుశురాం కాగితంలో ఇంకొకదాన్ని: చిట్టెమ్మ. ఇద్దరికీ ఎదురుగా తన సొంత నంబరే వేసింది. ఇక ఎవడైనా ఫోను చేసి కమలాదేవి అని అడిగితే దొంగ ఎవరో తెలిసిపోతుంది. చిట్టెమ్మ అని అడిగినా తెలిసిపోతుంది. ఇంత తెలివి తనకెక్కడిదా అని తనే ఆశ్చర్యపోయి, ఎంకన్న దగ్గర జిరాక్సు తీయించి, పాతవి చింపించి కొత్తవి పంచింది.

మూడో రోజు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నలభై మంది కూర్చుని ఉండగా ఫోను మోగింది. కొత్త నంబరు.

"కమలాదేవి గారున్నారాండీ?"

స్నేహలత గుండె ఒక్కసారి దడదడలాడింది. బాధతో కాదు. "నేననుకున్నదే" అన్న సంబరంతో. ఆ సంగతి ఆమె తర్వాత ఎన్ని రోజులైనా తనను తాను క్షమించుకోలేకపోయింది. "లేరు" అని పెట్టేసి, ఆ నంబర్ని అక్కడికక్కడే 'ఎత్తకు–నాలుగు' చేసేసింది. రుజువు దొరికాక ఇంకా వినేదేముంది?

రెండు మెట్ల కింద సుధామయి నీళ్ళ ప్యాకెట్లు పంచుతోంది.

"సుధా, కాగితం ఎవ్వరికిచ్చినవ్?"

"ఏ కాగితం?"

"నేనిచ్చింది. నూరు పేర్లది. దాంట్ల ఉన్న కమలాదేవి నీ కాగితంల దప్ప ఇంకేడ లేదు. నేనే రాసిన. ఇప్పుడు ఆమె కోసమే ఫోనొచ్చింది. చెప్పు, ఎవ్వరికమ్ముకున్నవ్?"

నలభై తలలూ తిరిగాయి. సుధామయి చేతిలో ప్యాకెట్లు అలాగే ఉండిపోయాయి.

"నేనెవరికీ ఇవ్వలేదు. నా బ్యాగులోనే ఉంది, చూడు." కాగితం తీసి చాపింది.

పరుశురాం లేచాడు. "చేతులున్న కాగితం చూపియ్యకు. చూసి రాసిచ్చుడు ఎంత సేపు? నేను మొదటి దినమే చెప్పిన, ఎవ్వరు విన్నరు? ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడు!"

సుధామయి వాడివైపు చూడలేదు. స్నేహలత వైపు చూసింది, "నువ్వు చెప్పు" అన్నట్టు. నా జిమ్మేదారి అన్న మనిషి చేతులు కట్టుకుని నిలబడింది. సుధామయి నీళ్ళ ప్యాకెట్లను మెట్టు మీద జాగ్రత్తగా పెట్టి, కాగితం వాటి కింద ఎగిరిపోకుండా దోపి, తార్నాక దారి పట్టింది. బస్సులు లేవు కనక నడిచే వెళ్ళింది.

సాయంత్రానికల్లా మూడు వందల మందికీ తెలిసిపోయింది, తార్నాక పిల్ల పేర్లమ్ముకుందని. నింద పాకడానికి రోజుకు నూరు అన్న నిబంధన ఏమీ అడ్డు రాలేదు.

ఆ తర్వాత వారం రోజులు స్నేహలత ఫోను మౌనంగా వెలుగుతూ ఆరుతూ ఉంది. 'ఎత్తకు–నాలుగు.' పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఎత్తలేదు. దొంగ దొరికింది కదా, ఇంక దానితో పనేమిటి?

అక్టోబరు రెండో వారంలో ఒక పొద్దున కొత్త నంబరు మోగింది. ఊళ్ళో నాన్న వెంకటనర్సయ్య ఏ రూపాయి డబ్బా ఫోను దొరికితే దానినుంచి చేస్తాడు కనక ఎత్తింది.

"చిట్టెమ్మ గారేనాండీ మాట్లాడేది?"

స్నేహలత మంచం మీద కూర్చుండిపోయింది.

"ఎవరూ?"

"చిట్టెమ్మ గారండీ. కంప్యూటర్ కోర్సు గురించి. వారం నుంచి మా ఇంకో నంబర్ నుంచి చేస్తూనే ఉన్నామండీ, మీరు ఎత్తట్లేదు. అందుకే వేరే లైను నుంచి చేస్తున్నాను."

"కమలాదేవి అని గూడ మీరే అడిగిన్రా?"

కాగితాల చప్పుడు. "ఆవిడా ఉన్నారండీ. అదేంటో, ఇద్దరిదీ ఒకటే నంబరేసుంది. అక్కాచెల్లెళ్ళా మీరు?"

ఫోను పెట్టేసింది. చిట్టెమ్మ ఉన్నది పరుశురాం కాగితంలో. కమలాదేవి ఉన్నది సుధామయి కాగితంలో. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ ఇద్దరూ కలిసి ఒకే కంపెనీకి అమ్ముకున్నారంటే నమ్మేదెవరు? ఆ రెండు కాగితాలూ కలిసి ఉన్నది రెండే చోట్ల. ఒకటి తన బ్యాగు. రెండోది జిరాక్సు అద్దం.

చెప్పులు వేసుకుని ఉరికింది. ఎంకన్న షాపు ముందు ఇద్దరు పిల్లలు సర్టిఫికెట్లు తీయించుకుంటున్నారు. స్నేహలత పక్కకు నిలబడి చూసింది. ఒక్క నకలు చాలన్నారు. మిషను రెండుసార్లు వెలిగింది. ఒకటి వాళ్ళ చేతికి, ఒకటి కౌంటర్ కిందికి.

"గదేంది ఎంకన్నా, రెండోది?"

"వేస్టేజీ అక్కా. ఇంకు సరిగ్గ పడలే."

వంగి కౌంటర్ కింది కట్ట లాగింది. ఇంకు బాగానే పడింది. అప్లికేషన్లు, మార్కుల మెమోలు, రేషన్ కార్డులు, వాటి మధ్య తన దస్తూరీ. యాభయ్యో పేరు కమలాదేవి.

ఎంకన్న మొహం తెల్లబోయింది. "కోర్సులోళ్ళకు ఇస్త అక్కా. కిలో లెక్క గొంటరు. పోలీసోళ్ళకు ఇయ్యలే, నా బిడ్డ మీద ఒట్టు. మీ తాన పైసల్ తీసుకోను కద, కరెంటు బిల్లు ఎట్ల గట్టాలె?"

తిట్టాలని నోరు తెరిచింది. ఎవర్ని తిట్టాలి? ఈ కాగితాల్ని తెచ్చి ఆ అద్దం మీద పెట్టింది ఎవరు? మనవాడే కదా అని వీడిని ఒక్కనాడూ అనుమానించనిది ఎవరు? ఆ బుక్కు నా చెయ్యి దాటదని మూడు వందల సార్లు చెప్పిన మనిషే, దాన్ని రెండుసార్లు చేజేతులా దాటించింది. కట్ట మొత్తం చంకలో పెట్టుకుని వచ్చేసింది.

పరుశురాం విన్నాడు.

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడు అందరికి చెప్పుడెందుకు? మన జిరాక్సోడే, మన బుక్కే అంటే ఉద్యమం ఇజ్జత్ బోతది. ఎట్లనో ఆ పిల్ల రాకుంట అయింది. ఇడిశిపెట్టు."

"నీకు ఇజ్జత్ ఉన్నది. ఆమెకు లేదా?"

వాడు లేచి చెప్పులేసుకున్నాడు. అందరికీ నిజం చెప్పే మెసేజీలు పంపడానికి అడిగితే తన ఫోనూ ఇవ్వలేదు.

స్నేహలత తార్నాకకు నడిచింది. రెండో అంతస్తు. తలుపు తెరిచే ఉంది, గ్రిల్లు వేసి ఉంది. హాల్లో సుధామయి, ఆమె తల్లి కాత్యాయని నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. బెల్లు మీద వేలు పెట్టి కూడా నొక్కలేకపోయింది. ఒక మెట్టు కిందికి దిగి ఫోను చేసింది, గొంతు ముందు వినిపిస్తే మొహం చూపించడం కాస్త తేలికవుతుందని.

చెవిలో రింగు వినిపిస్తోంది. లోపల ఏ చప్పుడూ లేదు. చిక్కుడుకాయల చేట పక్కన సుధామయి ఫోను మాత్రం వెలుగుతోంది. సుధామయి ఒకసారి చూసి, ఇంకో కాయ తీసుకుంది.

"ఎవరే, ఇందాకట్నించి వెలుగుతోంది?" కాత్యాయని ఫోను చేతిలోకి తీసుకుని, కళ్ళకు దూరంగా పెట్టి చదివింది. "ఎత్తకు... తొమ్మిది. ఇదేం పేరమ్మా?"

"ఏదో అమ్ముకునేవాళ్ళలే అమ్మా."

స్నేహలత ఫోను ఆపేసింది. లోపల వెలుగు ఆరింది. ఆ పూట వరకూ తనకు ఏడుపు రాలేదు, అప్పుడొచ్చింది. ఆ అలికిడికి కాత్యాయని తలెత్తి, "అయ్యో, స్నేహా! బయట నిలబడ్డావేం తల్లీ?" అంటూ గ్రిల్లు తీసింది. ఆమెకేమీ తెలియదని అప్పుడర్థమైంది. సుధామయి ఇంట్లో చెప్పలేదు. చెబితే, వాళ్ళు నిన్ను నమ్మరన్న తండ్రి మాటే నిజమయ్యేది.

కాత్యాయని మంచినీళ్ళకు లోపలికి వెళ్ళగానే స్నేహలత అంతా చెప్పేసింది. ఎంకన్న, కౌంటర్ కింద కట్ట, చిట్టెమ్మ. "తప్పు నాదే సుధా. నువ్వు గాదు. నన్ను కొట్టు, తిట్టు."

సుధామయి చేతిలో కాయ ఈనె తెగేదాకా లాగింది.

"నువ్వు నన్ను అడగలేదు స్నేహా. నలభై మందిలో చెప్పావు. ఇప్పుడొచ్చి నాకొక్కదానికి కాదని చెప్తే, ఆ మాట ఎవరికి చేరినట్టు?"

నీళ్ళు తాగకుండానే స్నేహలత లేచింది. అపార్ట్‌మెంటు మెట్ల మీదే కూర్చుని నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కొట్టడం మొదలెట్టింది. "పేర్లు బయటికి పోయింది నా వల్ల, జిరాక్సు షాపు నుంచి. సుధామయి ఏ తప్పు చెయ్యలేదు. నేను అబద్ధం చెప్పిన. స్నేహలత." ఒక్కో నంబరుకూ పంపి, పక్కన టిక్కు పెట్టింది. ఎండ మెట్ల మీద నుంచి గోడ మీదికి ఎక్కింది.

నూటొకటో నంబరుకు ఫోను "పోలేదు" అంది. మళ్ళీ నొక్కింది. పోలేదు. రేపు నూరు, ఎల్లుండి నూరు.

మిగతా రెండు వందల మందికీ ఈ రోజుకు సుధామయే దొంగ.