మిర్యాలగూడ చీటీ

ఊర్మిళ మోతె ఊళ్లోని పశువుల దవాఖానలో పని చేస్తుంది. ఉద్యోగం వచ్చాక మొదటిసారి ఒక పెద్ద వస్తువు కొందామని తల్లి వీరమ్మను స్కూటీ మీద సూర్యాపేట తీసుకొచ్చింది. బర్రెల కోసం గడ్డి ముక్కలు కోసే యంత్రం. చంద్రు దుకాణంలో వీరమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "గిదే తీస్కుందాం" అంది.

ఊర్మిళ క్రెడిట్ కార్డు పెట్టి పిన్ నొక్కింది. స్వైప్ మిషన్ కీచుమని, "డిక్లైన్డ్" అన్న చీటీని బయటికి తోసింది.

"కార్డుల పైసలు లేవు కావచ్చమ్మా," అన్నాడు చంద్రు.

వెనక నిలబడ్డ ఇద్దరు తలెత్తి చూశారు. వీరమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుని, "పోదాం పా బిడ్డా, మల్ల వద్దాం," అని గొణిగింది.

ఊర్మిళ కదల్లేదు. ఫోన్‌లో చూస్తే లిమిట్ కావలసినంత ఉంది. పిన్ తప్పయితే మిషన్ ఆ మాటే చెప్పేది. పది నిమిషాల కింద ఈ ఊరి బంకులోనే ఇదే కార్డుతో పెట్రోలు పోయించింది. అక్కడ నడిచిన కార్డు ఇక్కడెందుకు నడవదు? సిగ్గుకన్నా ఆ ప్రశ్నే ఆమెను ఎక్కువ పట్టుకుంది.

"అన్నా, అందరియి గిట్లనే అయితున్నయా?"

"లేదమ్మా. కొందరియి మంచిగ పోతున్నయి, కొందరియి పోతలేవు. వారం సంది గిదే లొల్లి."

చీటీని మళ్లీ చదివింది. దుకాణం పేరు కింద ఊరి పేరు మిర్యాలగూడ అని ఉంది.

"ఇది మీ మిషనేనా?"

"మాది ఖరాబైంది. మిర్యాలగూడల మా తమ్ముని దుకాణం నుంచి తెచ్చిన. ఏ మిషనైతే ఏంది?"

ఊర్మిళ బ్యాంకుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతలి అమ్మాయి వివరాలన్నీ అడిగి, చివరికి చెప్పింది: "మేడమ్, మీ కార్డు సూర్యాపేటలో వాడిన పది నిమిషాలకే మిర్యాలగూడలో వాడినట్టు వచ్చింది. అంతలో అంత దూరం ఎవరూ వెళ్లలేరు కదా. దొంగ లావాదేవీ అనుకుని సిస్టమ్ ఆపేసింది. అది మీరు చేసిందేనా?"

"నేనే చేసిన."

"సరే మేడమ్, ఇప్పుడు మళ్లీ పెట్టండి."

ఈసారి కార్డు నడిచింది. వీరమ్మ ఊపిరి పీల్చుకుంది. ఊర్మిళ మాత్రం, "వాపసు పోయినోళ్లు యాదికున్నరా అన్నా?" అని అడిగింది.

చంద్రుకు తండా నుంచి మోటరు కోసం వచ్చిన దేవ్‌సింగ్ గుర్తొచ్చాడు. ఫోన్ కలిపాడు.

"ఆ రోజు మా తానికి రాకముందు కార్డు ఇంకేడనన్న గీకినవా?"

"సూర్యాపేటలనే అప్పుడే ట్రాక్టరుకు టైర్లు కొన్న. గాడ పోయింది. నీ తాన్నే పోలే."

చంద్రు జరిగింది చెప్పాడు. "తప్పు నా మిషన్‌దే దేవ్‌సింగన్నా."



"అయితే నా కార్డు మంచిదేనా?"

"మంచిదే."

"అందరి ముంగట పైసలు లేవంటివి గదా. ఇంటికొచ్చి దాన్ని కత్తెరతోని కోసి పారేసిన."

చంద్రు మొహం వాడిపోయింది. "రేపు పొద్దుగాల మోటరు నేనే తండాకు తెస్త. కొత్త కార్డు వచ్చినంకనే పైసలియ్యి," అన్నాడు. ఫోన్ పెట్టేసి మిషన్ వైరు పీకేశాడు.

"ఇంకెవరున్నరు?" అంది ఊర్మిళ.

"హాలియా నుంచి వచ్చిన సాయమ్మ," అంటూ చంద్రు ఆమె నంబరు వెతకసాగాడు.