కాళ్లతో కొలిచిన సముద్రం

గొళ్లెం మీద ఉప్పు.

తెల్లవారుజామున తలుపు దగ్గరికి వేస్తుంటే రోజూ నా వేళ్లకు మొదట తగిలేది అదే. తడిగా, గరగరగా… రాత్రంతా సముద్రం మా వీధిలో తిరిగి వెళ్లిందన్నమాట. కొంగుతో తుడిచాను.

ఇవాళ నాతో సముద్రం దాకా చెల్లెలు కూడా వస్తానంది. ఊరికే కాదు. వానలు మొదలయ్యేలోపు ఇల్లు ఖాళీ చేయమని సర్కారు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సముద్రం ముందుకొస్తోందట! సంతకం పెట్టి వెళ్లిపోదామంటుంది చెల్లెలు. ససేమిరా అన్నాను నేను.

నా దగ్గర లెక్క ఉంది మరి.

గడప దాటితే నీటి అంచుకు మూడు వందల నలభై అడుగులు వేయాలి. ఈ ఇల్లు కట్టుకున్న రోజూ అంతే, నిన్నా అంతే. పోటుకీ పాటుకీ ఐదారు అటూ ఇటూ. ఇరవై రెండేళ్లుగా లెక్కపెడుతూనే ఉన్నాను.

ఒకటి… రెండు… మూడు…

రొట్టెల బట్టీ దగ్గర వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. బట్టీ ఆయన నన్ను చూసి నవ్వాడు.

"టైలరమ్మా! ఒకప్పుడు మీరొచ్చేసరికి మొదటి వాయి దించేవాణ్ణి. ఇప్పుడు రెండోది కూడా అయిపోతోంది."

"నీకు తొందరెక్కువైందిలే," అన్నాను, లెక్క తప్పకుండా వేలు మడుచుకుని.

నూట ఇరవై… ఐసు ఫ్యాక్టరీ గోడ. లోపల మంచు పలకలు జారుతున్న చప్పుడు.

రెండు వందల అరవై… ఆరేసిన వలలు. వాటి వెనక—

అబ్బ!

ఇన్నేళ్లు చూశాను. ఒక్క రోజూ అలవాటు కాలేదు. చీకటిగా ఉన్న నీళ్ల మీద ఎర్రటి గీత. గీత కాస్తా వెలుగు. వెలుగు కాస్తా సముద్రమంతా. నోరు తెరుచుకుని నడిచాను.

మూడు వందల నలభై. నీళ్లు కాలివేళ్లను తాకాయి.

"చూశావుటే? ఎక్కడికొచ్చింది నీ సముద్రం?"

చెల్లెలి కళ్లలో నీళ్లు.

"నేనూ లెక్కపెట్టానక్కా. ఇల్లు కట్టినప్పుడు నాకు నాలుగు వందలొచ్చాయి. నీ అడుగు అందుకోలేక చచ్చేదాన్ని, గుర్తుందా? ఇవాళ రెండు వందల డెబ్బై."

"పరధ్యానంలో తప్పు లెక్కపెట్టుంటావు."

అది నా మెడలోంచి టేపు తీసింది. లేవగానే మెడలో వేసుకోవడం నాకు అలవాటు. తడి ఇసుకలో కూర్చుని, నా అడుగుజాడకీ అడుగుజాడకీ మధ్య పెట్టింది. తర్వాత తన అడుగుజాడల మధ్య.

నాది… ఎంత చిన్న అడుగు!

మోకాళ్ల నొప్పులని తైలం రాసుకుంటూనే ఉన్నాను. అవి నా అడుగును కత్తిరిస్తున్నాయని తెలియలేదు. ఊరందరినీ టేపు పెట్టి కొలిచినదాన్ని— సముద్రాన్ని మాత్రం కాళ్లతో కొలిచాను.

అది ముందుకొచ్చినంతా నేను తగ్గుతూ వచ్చాను. ఏడాదికేడాది. లెక్క చెదరకుండా. నా జన్మలో ఇంత సరిగ్గా ఒక్క చొక్కా కూడా కుట్టలేదు.

భయం వేసింది. అబద్ధమెందుకు? కానీ దానికన్నా ముందు, చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

అల వచ్చింది. నా అడుగులూ చెల్లెలి అడుగులూ కలిపి తీసుకుపోయింది. చెల్లెలు గభాల్న టేపు పట్టుకుంది.

"ఏం చేద్దామక్కా?"

"ముందు ఇంటికి పద."

తిరుగు దారిలో లెక్కపెట్టలేదు. చెల్లెలు తన అడుగు కుదించుకుని, నా పక్కనే నడిచింది. బట్టీలో మూడో వాయి దిగుతోంది.

లోపల కుట్టుమిషను మీద, కత్తెర కింద, ఆ కాగితం నాకోసం ఉంది.

గొళ్లెం మీద చెయ్యి వేశాను.

తుడిచే వెళ్లాను కదా…

మళ్లీ ఉప్పు.