ఎవరూ తొడగని పచ్చ కోట్లు

పొద్దున దుకాణం తలుపు తీయగానే దర్జీ అక్క ముందు దండేనికి వేలాడే బట్టలన్నిటి మీదా ఓసారి చెయ్యి వేసి చూస్తుంది. జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టే చూస్తుంది. చల్లగా ఉన్నవి కొత్తవి, ఇంకా ఎవరి ఒంటికీ తగలనివి. వాటిని ఇస్త్రీకి తీస్తుంది. వెచ్చగా ఉన్నవి మరమ్మతుకు వచ్చినవి. వాటిని మిషను పక్కన బుట్టలో వేస్తుంది.

ఆమె కుట్టిన బట్టని ఒక మనిషి ఒక్కసారి తొడుక్కుంటే చాలు, ఆ మనిషి బతికున్నంత కాలం ఆ బట్ట వెచ్చగానే ఉంటుంది. ఉతికినా, మడతపెట్టి పెట్టెలో పడేసినా అంతే. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. కొందరి కుట్టు గట్టిగా ఉంటుంది, కొందరి కుట్టు వదులుగా ఉంటుంది, ఈవిడ కుట్టు వెచ్చగా ఉంటుంది. ఓడల్లో పనిచేసే కొడుకుల పాత చొక్కాలు తలగడ కింద పెట్టుకుని పడుకునే తల్లులు ఆ వీధిలో నలుగురున్నారు. మూలింటి వాచ్‌మన్ పోయిన గంటకి అతని కోటు చల్లబడింది. చలికాలంలో కొడుకు దాన్ని తొడుక్కుంటే మళ్ళీ వెచ్చబడింది. అది తండ్రి వేడి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. మనిషికీ మనిషికీ వేడి వేరు, కాపురం చేసినవాళ్ళకి అది చేతికే తెలిసిపోతుంది.

వీధి రేసుకోర్సు గోడ వెనకే ఉంది. జాకీలు పందెంలో వేసుకునే శాటిన్ కోట్లు కుట్టడం ఆమె వృత్తి. ఒక్కో గుర్రం యజమానికి ఒక్కో రంగు. పందెం అయ్యాక చిరిగిన కోట్లు వెచ్చగా ఆమె దగ్గరికి వస్తాయి, అతుకు పడ్డాక మళ్ళీ పోతాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే వయసు దాటిపోయాక అడిగేవాళ్ళూ మానేశారు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అన్నా వదినా పెంచారు. సూదిలో దారం ఎక్కించడం నేర్పింది వదినే.

మూడేళ్ళ కిందట, మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకున్న ఒక పెద్దమనిషి దుకాణం మెట్లెక్కాడు. వీధంతా అతన్ని స్టాప్‌వాచీ అనే పిలిచింది. అసలు పేరేమిటని ఒక్కరూ అడగలేదు. తర్వాత వెతకాల్సి వచ్చినప్పుడు అదే పెద్ద తలనొప్పి అయింది.

ఒక్కడు పందెం కాస్తే ఓడతాడు, రెండొందల మంది ఒక్కటై కాస్తే ఓటమి అన్నదే ఉండదు. ఇదీ అతని సిద్ధాంతం. ఏ గుర్రం ఏ రోజు ఎన్ని సెకన్లలో పరిగెత్తిందో పాతికేళ్ళుగా రాసుకున్నానని చెప్పేవాడు. భాగస్తుల సొమ్ముతో అతను పెట్టే సంఘం పందాలు కాస్తుంది, సొంతంగా గుర్రాలు కొంటుంది, లాభం మూడు నెలలకోసారి పంచుతుంది. మొదట చేరినవాళ్ళకి చెప్పిన రోజుకే కవరు చేతికొచ్చింది. ఆ కవర్లు చూసి ఇంకొందరు చేరారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు చేరారు. గొర్రెల మంద అని తర్వాత ఒకరినొకరు తిట్టుకున్నారు గానీ, అప్పట్లో గుర్రాల ముచ్చటే తప్ప గొర్రెల ఊసు ఎవరూ ఎత్తలేదు.

సంఘం రంగులు పచ్చ కోటు, పసుపు చేతులు. దర్జీ అక్క పన్నెండు కోట్లు కుట్టి ఇచ్చింది. తను ఎనిమిదేళ్ళు కూడబెట్టిన సొమ్ము కూడా సంఘంలోనే పెట్టింది. నెల తిరిగేసరికి కోట్లు మరమ్మతుకు వచ్చాయి. మూట విప్పి అలవాటుగా చెయ్యి వేసింది. చల్లగా ఉన్నాయి. పన్నెండూ చల్లగా ఉన్నాయి.

గుర్రం మెడ మీదికి వంగి కూర్చునేవాడి కోటు చంక కింద చిరుగుతుంది. ఇవి మోచేతుల దగ్గర చిరిగాయి, అదీ పోగు లేవకుండా నున్నగా. కత్తెర పట్టే చేతికి కత్తెర గాటు తెలియదా? ముందు గుర్రాలు ఎగజిమ్మిన మట్టి జాకీ రొమ్ము మీద పడుతుంది. వీటికి వీపు మీద ఉంది. ఎవరో తీరిగ్గా కూర్చుని పూసినట్టుంది.

ఆమె అడిగేసింది కూడా. స్టాప్‌వాచీ నొచ్చుకోలేదు. గుర్రాలు ఇంకా తర్ఫీదులో ఉన్నాయనీ, వచ్చే సీజనుకి మైదానంలోకి దిగుతాయనీ, అందాకా భాగస్తులకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా అనీ నవ్వాడు. కూలి రెట్టింపు ఇచ్చాడు. గుర్రాలు దిగాక ఇలాంటివి ఇంకో ఇరవై కుట్టిస్తానని చెప్పి వెళ్ళాడు. ఆమె కక్కలేక మింగలేక కూర్చుంది. నోరు విప్పితే సంఘం ఆ రోజే కూలుతుంది, దానితో తన సొమ్మూ పోతుంది. వచ్చే సీజను ఎంత దూరం కనుక అని తనకి తాను నచ్చజెప్పుకుంది. ఆశకి కాళ్ళు చాలా ఉంటాయి, ఏదో ఒకదాని మీద నిలబడుతుంది.

అతుకులు పడ్డాక కోట్లు సంఘం ఆఫీసులో అద్దాల బీరువా ఎక్కాయి. బీరువాకి తాళం. ముట్టుకుని చూద్దామంటే, శాటిన్ మాసిపోతుందండీ అనేవాడు స్టాప్‌వాచీ.

ఆమె అన్న ముప్ఫయ్యొక్కేళ్ళు సిటీ బస్సు నడిపి అప్పుడే రిటైరయ్యాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయనకున్న కోరికల్లా నేల మీద ఇల్లు. వాళ్ళుండేది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేని పాత భవనంలో. వదినకి మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. ఆవిడ మట్టి మీద కాలు పెట్టి రెండేళ్ళయింది. కూరగాయలకి కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతుంది. డిపో వెనక రెండు గదుల ఇల్లొకటి అమ్మకానికి వచ్చింది. తలుపు తీస్తే ఎదురుగా వీధే. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు దానికి మూడో వంతు తక్కువైంది. ఆ మూడో వంతు గుర్రాలు తెచ్చిపెడతాయని అందరూ చెప్పారు. అన్న అందరి మాటా విని, చివరికి చెల్లెలి దుకాణానికి వచ్చాడు.

"చెల్లాయ్, బీరువాలో ఉన్నవి నేను ముట్టుకోలేను. నీ చేతి మీదుగా పోయాయి కదా, అందుకని అడుగుతున్నా. వెచ్చగా ఉన్నాయా?"

ఆమె పళ్ళ మధ్య దారం ఉంది. దాన్ని తెంపడానికి మామూలుగా పట్టేదానికంటే కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"వెచ్చగానే ఉన్నాయి అన్నయ్యా."

ఆయన రెండోసారి అడగలేదు. పుట్టినప్పటి నుంచీ ఆమెని ఏదీ రెండుసార్లు అడిగిన మనిషి కాదు. మర్నాడు మొత్తం సొమ్ము పట్టుకెళ్ళి సంఘంలో కట్టాడు. దర్జీ అక్క సొంత అన్నే పెట్టాడంటే ఇక అనుమానమేముందని, అప్పటిదాకా గోడ మీద పిల్లుల్లా ఉన్నవాళ్ళు కూడా దూకేశారు.

అది కూలడానికి ఏడు నెలలు పట్టింది. ఒక మంగళవారం ఆఫీసు షట్టరు తెరుచుకోలేదు. బుధవారం జనమే దాన్ని పగలగొట్టారు. లోపల ఒక బల్ల, ఖాళీ కవర్ల కట్ట, గోడకి గుర్రాల బొమ్మలు, అద్దాల బీరువా. రేసుకోర్సు గుమాస్తా రిజిస్టరు తిరగేసి, పచ్చ కోటు, పసుపు చేతుల పేరు మీద ఏ గుర్రమూ ఏనాడూ నమోదు కాలేదని చెప్పాడు. స్టాప్‌వాచీ కొత్తగా చేరినవాళ్ళ డబ్బే కవర్లలో పెట్టి పాతవాళ్ళకి పంచాడు. మిగిలినదాన్ని అందరిలాగే పందెం కాసి, అందరిలాగే ఓడిపోయాడు. పాతికేళ్ళ సెకన్ల పుస్తకాల్లో మొదటి నాలుగు పేజీలే నిండాయి.

బీరువా తాళం ముందు పగలగొట్టింది ఆసుపత్రి నర్సు. కూతురి చదువుకని దాచింది మొత్తం అందులోనే పోసింది. ఒక కోటు తీసి చెంపకి ఆనించుకుంది. పక్కనున్న మంగలికి అందించింది. అతను రొట్టెల దుకాణం ఆయనకి అందించాడు. అలా ఆ చల్లటి కోటు గదంతా తిరిగింది. తిరిగి తిరిగి అది గుమ్మంలో నిలబడ్డ దర్జీ అక్క చేతికి వచ్చింది. అందరూ ఆమె వంకే చూశారు.

సాయంత్రానికి పన్నెండు కోట్లూ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఒక్కరైనా తిడితే బాగుండునని కూర్చుంది. నువ్వు కూడా పోగొట్టుకున్నావుగా అని నర్సు ఒక్కతే అంది. ఆ మాట తిట్టుకంటే కష్టంగా తగిలింది.

అన్న మర్నాడు వచ్చాడు. చేతిలో ఆమె కుట్టిన నీలం యూనిఫాం చొక్కా ఉంది. చాలాసేపు స్టూలు మీద కూర్చుని పచ్చ కోట్లని చూశాడు. ఎందుకలా చెప్పావని అడగలేదు.

"గుండీ ఊడింది. కుట్టిపెట్టు. రేపొచ్చి తీసుకుంటా" అన్నాడు.

లేచి, ఆమె తల మీద చెయ్యి వేసి, వీధి చివరకి నడిచి వెళ్ళాడు. రిటైరైన మనిషికి యూనిఫాం చొక్కా ఎందుకన్న సంగతి ఆమెకి సాయంత్రం దుకాణం మూసేటప్పుడు గానీ తట్టలేదు.

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. ఠాణాకి వెళితే కానిస్టేబులు చొక్కా మీద చెయ్యి వేసి, కాగితం మీద "వెచ్చగా ఉంది" అని రాసుకుని, బతికే ఉన్నాడు, వస్తాడులెమ్మని పంపించేశాడు. మనసు బాగోక ఎక్కడికో వెళ్ళాడని వీధివాళ్ళు అనుకున్నారు. ఆమె నీలం దారం ఎక్కించిన సూదిని గుడ్డకి గుచ్చి అలాగే ఉంచింది. గుండీ కుట్టకుండా ఉన్నన్నాళ్ళూ ఆయన రావాల్సిన పని ఒకటి మిగిలే ఉంటుందని ఆమె నమ్మకం.

రోజూ తొమ్మిదింటికి ఆ చొక్కా పట్టుకుని నాలుగు అంతస్తులూ ఎక్కేది. వదిన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కాలరు మీద, మణికట్టు దగ్గర కాసేపు నిమిరి తిరిగి ఇచ్చేసేది. ఇక్కడే ఉంచుకో వదినా అంటే ఒప్పుకునేది కాదు. వస్తే మీ అన్నయ్య ముందు గుండీ కోసం నీ దగ్గరికే వస్తారు, నీ దగ్గరే ఉండనీ అనేది. కోట్ల సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో తెలియదు. ఆవిడ ఎత్తలేదు, ఈమె ఎత్తలేకపోయింది.

దిగేటప్పుడు మూడో అంతస్తు మలుపులో ఊచలు లేని కిటికీ ఒకటుంది. కింద రాతి పలకలు పరిచిన పెరడు. మొదటిరోజు ఆమె అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. తర్వాత ఊరికే ఆగింది. ఆ తర్వాత రోజూ కాస్త ఎక్కువసేపు ఆగడం అలవాటైంది. దుకాణానికి పనులు రావడం మానేశాయి. జాకీలు వేరే దర్జీని చూసుకున్నారు. చల్లటిదాన్ని వెచ్చగా ఉందన్న చెయ్యి అని ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ లేకపోయింది.

ఇరవై మూడో రోజు మిట్టమధ్యాహ్నం, ఎండ బల్ల మీద పడుతుండగా, ఆమె చొక్కా మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది.

చెయ్యి తీసి మళ్ళీ వేసింది. ఎండలోకి జరిపి చూసింది. కాలరు లోపల, చంకల కింద, జేబులో వెతికింది, ఎక్కడో ఒక మూల కాస్తయినా మిగిలి ఉంటుందేమోనని. ఏమీ లేదు. బల్ల చివరనున్న పచ్చ కోట్లకీ దీనికీ తేడా లేదు. ఎక్కడ, ఎలా అన్నది ఆమెకి తెలియలేదు. తర్వాత కూడా ఎవరికీ తెలియలేదు.

ఏడవలేదు. రేపు తొమ్మిదింటికి వదినకి ఉన్నదున్నట్టు చెప్పేయాలనుకుంది. కోట్ల సంగతీ, చొక్కా సంగతీ రెండూ. చెప్పాక ఇక మెట్లన్నీ దిగనక్కర్లేదు, మలుపులో కిటికీ ఉండనే ఉంది. ఆ ఆలోచన వచ్చాక ఒళ్ళు తేలికైంది, అంత ఎండలోనూ చలి పుట్టింది. చేతికి దగ్గరగా ఉన్నది ఆ చొక్కాయే. తొడుక్కుంది. భుజాలు జారిపోయాయి, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. అన్న వాసన ఇంకా ఉంది. అప్పుడు ఏడ్చింది.

పొద్దున లేచి విప్పితే చొక్కా వెచ్చగా ఉంది.

తొమ్మిదింటికి మెట్లెక్కింది. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కూడగట్టుకుంది. వదిన కిటికీ పక్క కుర్చీలో ఎప్పట్లాగే చెయ్యి చాపింది. చొక్కా ఒళ్ళో పెట్టుకుని కాలరు నిమిరింది. నిమిరే చెయ్యి ఆగింది. మణికట్టు దగ్గర పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన చెయ్యి అది. దర్జీ అక్క నేల చూపులు చూస్తూ నిలబడింది. వదిన చొక్కాలో మొహం దాచుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. భుజాలు మాత్రం కదిలాయి. కింద వీధిలో బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"వదినా..." అంది దర్జీ అక్క.

"చెప్పకు" అంది వదిన. తలెత్తి మొహం తుడుచుకుంది. "వెచ్చగానే ఉంది."

చొక్కా మడతపెట్టి, మరదలి చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా పట్టుకుంది.

"రేపు కూడా తీసుకురా. ఎల్లుండి కూడా. నేనున్నన్నాళ్ళూ తీసుకురావాలి. మెట్లు చూసుకుని దిగమ్మా, మలుపులో ఆగకు. రోజూ నువ్వు ఎంతసేపటికి కింద కనబడతావో ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. నువ్వు పడితే ఇది చల్లబడిపోతుంది."

దర్జీ అక్క చొక్కాని గుండెకి హత్తుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని దిగింది. మలుపు దగ్గర కాళ్ళు అలవాటుగా ఆగబోయాయి. ఆగనివ్వలేదు. కిందికి చేరి తలెత్తి చూస్తే నాలుగో అంతస్తు కిటికీలో వదిన మొహం కనిపించింది. దుకాణానికి వెళ్ళి, తలుపు బార్లా తీసి, పచ్చ కోట్లని పక్కకి నెట్టి బల్ల ముందు కూర్చుంది. గుడ్డకి గుచ్చిన సూదిని తీసి నీలం చొక్కాకి గుండీ కుట్టింది.