ఓనరు గారికి నోటీసు

"ముందట పిచ్చి మొక్కలు గంతగనం పెరిగినయ్, కనవడ్తలేవా నీకు?" అన్నాడు విజేందర్ భార్యతో, చాయ్ గ్లాసు కింద పెడుతూ. మల్లికకు కనబడుతూనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే పైపు పట్టుకుని వాటికి నీళ్లు పెట్టేది ఆమే. లాన్‌ను తడిపేదీ, కత్తిరించేదీ, గేటు ముందు రాలిన ఆకు ఊడ్చేదీ ఆమే. విజేందర్‌కు చూసే పని ఒకటుంది. ఆ పని మాత్రం ఆయన చాలా శ్రద్ధగా చేస్తాడు.

షాద్‌నగర్ పక్కన కొత్తగా వెలిసిన ఆ కాలనీలో ఇళ్లన్నీ ఒకే తీరు. ఇంటి ముందు జాగాలో ఏం పెరగాలో అసోసియేషన్ వాళ్లే నిర్ణయిస్తారు. లాన్ ఉండాలి, దాని అంచున వాళ్లు చెప్పిన పూలమొక్కలే ఉండాలి. బీర తీగ పాకించకూడదు, బట్టలు ఆరేయకూడదు, కలుపు మోకాలెత్తు పెరిగితే నోటీసు వస్తుంది. మల్లిక ఇంటి ముందు పెరిగింది గునుగు. బతుకమ్మ పండుగ వచ్చేదాకా గునుగుకూ కలుపుకూ తేడా తెలుసుకోవడం ఆ అసోసియేషన్ తరం కాదు. పండుగకు మాత్రం వాళ్లే గునుగు కట్టలు బేరమాడి మరీ కొనుక్కొచ్చుకుంటారు.

ఆ గింజలు చల్లింది మల్లిక తల్లి బాలనర్సమ్మ. మహబూబ్‌నగర్ అవతల ఊళ్లో తనదంటూ చారెడు నేల లేని మనిషి. బుద్ధెరిగినప్పటి నుంచి మంది జొన్నచేన్లలో కలుపు తీసి, ఆ కూలితోనే మల్లికను నర్సు చదివించింది. గృహప్రవేశం నాడు "అమ్మా, గిది మన జాగ" అని మల్లిక చెబితే, లోపలి గదులు చూడకముందే వాకిట్లో మట్టిని చేతిలోకి తీసుకుని చూసింది. ఈసారి వానాకాలంలో, పండుగదాకా ఉందామని వస్తూ వస్తూ ఎండిన గునుగు పూలు కొంగున మూటగట్టుకొచ్చింది. వాటిని అరచేతిలో నలిపి చల్లుతూ, "గింతకాలం కలుపని జెప్పి మంది చేన్ల గునుగు పీకిన బిడ్డా. ఒక్కసారన్న నా చేతులతోని పెంచి, గా పూలతోని నీ బతుకమ్మ పేర్చాలె" అంది. కూతుర్ని ఆమె అడిగింది జన్మలో అదొక్కటే.

విజేందర్‌ది వేరే బాధ. "అసలే దళితవాడ నుంచొచ్చినోళ్లం. ఇల్లు జర గలీజుగుంటే మాటలు రానే వస్తయ్. వాడ దాటినా బుద్ధి మారలేదంటరు" అన్నాడు గొంతు తగ్గించి. ఆ భయం మల్లికకు తెలియంది కాదు. దవాఖానలో తన యూనిఫాం మీద చిన్న మరక పడినా ఆమె ప్రాణం విలవిల్లాడేది అందుకే. కానీ ఆ భయానికి కూడా తానొక్కతే ఎందుకు చాకిరీ చేయాలో ఆమెకు ఎన్నడూ అర్థం కాలేదు. ఇంటి కిస్తీ పోయేది ఆమె జీతంలోంచే. రిజిస్ట్రేషన్ అప్పుడు, "ఎవల పేరు మీదుంటేంది, ఇద్దరం ఒకటే గద" అన్నాడు విజేందర్. ఆ మాట అప్పట్లో తనకెంత ముద్దొచ్చిందో తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

పండుగదాకా గడువు అడుగుదామని డ్యూటీకి పోతూ అసోసియేషన్ ఆఫీసు దగ్గర ఆగింది. సెక్రటరీ రాంచందర్ మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. "మీరు చెప్పేది కరెక్టే మేడమ్. కానీ ఓనర్ వచ్చి అడగాలె. సార్‌ను జర పంపియ్యుండ్రి" అన్నాడు. మల్లిక బయటికొచ్చి విజేందర్‌కు ఫోన్ చేసింది. "సరే, చూస్త తియ్యి" అన్నాడు. ఆ మాట మీద నమ్మకం పెట్టుకుని బస్సెక్కింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి బాలనర్సమ్మ ఇంటి ముందు గొంతుక్కూర్చుని ఉంది. కొంగు నడుముకు దోపి, కూలికి పోయినప్పటిలాగే సాలు పట్టి గునుగు పీకుతోంది. వేర్లకు అంటిన మట్టిని దులిపి ఒక పక్కన కుప్పేస్తోంది. కొన్ని మొక్కలకు అప్పుడప్పుడే మొగ్గ తెల్లబడుతోంది. ఓ మూలన నాలుగు మొక్కలు తప్ప నేలంతా ఖాళీ అయింది.

"ఎందుకమ్మా?" అంది మల్లిక.

"వాచ్‌మన్ వచ్చి ఓనరుకు నోటీసని కాయితం ఇచ్చిపోయిండు బిడ్డా. గివి తియ్యకుంటే ఓనరుకు తిప్పలైతదన్నడు." బాలనర్సమ్మ తలెత్తలేదు, చేయి ఆపలేదు. "నేను ఖుష్ కావాల్నని మన జాగ అని జెప్పినవ్. కిరాయి ఇల్లని జెప్తే నేనేమన్న అంటుంటినా? నా మూలంగ గా ఓనరుకు కోపమొచ్చి ఖాళీ చెయ్యమంటే యాడికి పోతవ్? పువ్వులదేముంది, యాడన్న దొరుకుతయ్."

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. తన కోసం అబద్ధమాడాల్సి వచ్చిన కూతురి మీద జాలి ఉంది. మల్లికకు ఆ జాలే భరించరానిదైంది. తల్లి పక్కనే కూలబడి ఏడ్చింది.

అంతలో విజేందర్ బండి గేటు దగ్గర ఆగింది. ఖాళీ నేలను చూడగానే అతని ముఖం విప్పారింది. బాలనర్సమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడింది.

"అయ్యా, మీ ఓనరుతోని జర మాట్లాడు. అన్ని తీసేసిన్నని జెప్పు. మల్లికను ఖాళీ చెయ్యమనొద్దను."

విజేందర్ నవ్వాడు. "ఓనరంటే ఇంకెవలో అనుకున్నవా అత్తమ్మా? నేనే గద ఓనర్‌ను."

బాలనర్సమ్మ నవ్వలేదు. నడుముకు దోపిన కొంగు తీసి భుజాల నిండా కప్పుకుంది. ఇన్నాళ్లూ దొరల వాకిట్లో అట్లాగే కప్పుకునేది. చెప్పులు వేసుకోకుండానే దారిలోంచి పక్కకు జరిగి, కూతురి వైపు తిరిగి, నిజంగానే తెలియక అడిగింది.

"మరి నువ్వెవలు బిడ్డా?"

విజేందర్ ఏదో చెప్పబోయాడు. ఎప్పుడైనా మల్లిక తరఫున చెప్పేది ఆయనే. ఈసారి ఆమె చెప్పనివ్వలేదు. లేచి, తల్లి చేతులకంటిన మట్టిని తన చేతులతో తుడుస్తూ, గొంతు తగ్గించకుండా, పక్కిళ్లవాళ్లు వింటే విననీ అన్నట్టు చెప్పింది.

"నీ లెక్కనే అమ్మా, కూలికొచ్చినదాన్ని. నువ్వే నయం, పొద్దుగూకితే కూలన్న చేతుల పెట్టేటోళ్లు."