పరదా వెనక నలభై ఓట్లు

సైదాబీ ఓటు పోయింది. పోగొట్టింది కోడలు మాబున్ని.

బడి గోడకు అంటించిన ఓటర్ల జాబితాలో అత్త పేరు కోసం మాబున్ని మూడుసార్లు వెతికింది. లేదు. పక్కింటి దిల్షాద్‌బీ పేరూ లేదు. ప్రొద్దుటూరులోని ఆ సందులో ఆడవాళ్ల పేర్లు ముప్పాతిక వంతు మాయం. ఎందుకో తెలియడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. మగవాళ్లంతా కువైట్‌లో ఉన్నారు. ముక్కూ మొహం తెలియని మగమనిషి తలుపు తడితే పరదా వెనక నుంచే "ఇంట్లో ఎవరూ లేరు" అని పంపేయడం అక్కడి ఆనవాయితీ. జాబితా సరిచూసే బాలకృష్ణయ్య మాస్టారు మూడు విడతలు వచ్చాడు. మూడుసార్లూ అదే జవాబు విని, ఇళ్లు ఖాళీ అని రాసుకుపోయాడు. జవాబిచ్చిన గొంతుల్లో మాబున్నిదీ ఒకటి.

ఆ సంగతి ఆమె అత్త దగ్గర దాచలేదు.

"కాలిరిగిన ఏడు కూడా ఆటోలో పోయి ఓటేసొచ్చినా. బతికుండంగానే నన్ను లేకుండా చేస్తివి గదమ్మే!" అంది సైదాబీ. ఆ పూట అన్నం ముట్టలేదు. మాబున్నికి తల కొట్టేసినట్టయింది.

పేర్లు చేర్చుకోవడానికి నాలుగు రోజులే గడువు. ఆమె నేరుగా బడికి వెళ్లింది.

"ఆఫీసుకు రమ్మంటే మావాళ్లు ఒక్కరూ రారు సార్. మీరే మా సందులోకి రండి. అందరినీ నేను బయట కూచోబెడతా."

"మనిషిని కండ్లారా చూడాల, ఎదురుగా సంతకం చేయాల. అట్లయితేనే వస్తానమ్మా," అన్నాడు మాస్టారు.

ఇక ఇల్లిల్లూ తిరిగింది. దిల్షాద్‌బీ మూతి తిప్పింది. "ఓటేస్తే మనకేమొస్తాదిలే? మా ఇంటాయప్పను ఫోన్లో అడిగి చెప్తా."

"కొళాయి నీళ్లు మూడు దినాలకోసారి వస్తాండాయని దినామూ నాకాడ ఏడుస్తావే, ఆ ఏడుపు ఓటుకాడ ఏడువు. దానికి కువైట్ నుంచి పర్మిషన్ యాలమ్మే?"

ఒకరిని తిట్టింది, ఒకరిని బతిమాలింది, ఇంకొకరి బిడ్డను చంకనేసుకుని ఆధార్ కార్డు వెతికించింది. గడువు చివరి రోజు సందులో చాపలు పరిచి అందరినీ కూర్చోబెట్టింది. మాస్టారు ఫారాలు పట్టుకుని వచ్చాడు. మొదటి సంతకం సైదాబీది. మధ్యాహ్నానికి నలభై ఫారాలయ్యాయి.

"నీ ఓటు యాడుందమ్మా?" అని అడిగాడు మాస్టారు.

"జమ్మలమడుగులో సార్, మా పుట్టింటికాడ."

పెళ్లయి పదకొండేళ్లు. పిల్లల్నీ పనినీ వదిలి అంతదూరం ఏం పోతాంలే అని ఒక్కసారీ వేసి ఎరగదు. అందరి పేర్లూ వెతికిన మనిషికి తన పేరు ఈ ఊళ్లో ఉండాలన్న ఆలోచనే రాలేదు.

సైదాబీ కోపం ఇంకా చల్లారలేదు. అయినా పెన్ను తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "ఇంతమందిని బయటికి ఈడ్చి నువ్వు తప్పుకుంటావా? ఈడికి మార్పిచ్చుకో. ఓట్ల దినం నా పక్కన నిలబడాల నువ్వు."

మాబున్ని కింద కూర్చుని ఇంటి నంబరు వేసి, వీధి పేరు రాసి, సంతకం చేసింది. ఆ ఇంట్లో తాను ఉంటున్నానని ఆమె తన చేత్తో రాసిన మొదటి కాగితం అదే.