ఇప్పచెట్టు కింది పసుపు కాగితం

నేను ఒక మందు కొట్టే పంపుని. పదహారు లీటర్ల డబ్బా, పక్కన పిడి, పొడవాటి గొట్టం, వీపుకు తగిలించుకునే రెండు పట్టీలు. కోయంబత్తూరులో ఒక షెడ్డులో పుట్టి, నాలుగేళ్లు మిరప చేలల్లో తిరిగి, చివరికి ఆదిలాబాదు అడవిలో ఒక పరిశోధన కేంద్రానికి చేరాను. అక్కడ టేకు ఆకులను జల్లెడ చేసే పురుగుల మీద నా పని. నన్ను మోసేది లచ్చుబాయి. ఆమె వీపు మీద ఊగుతూ వెళుతుంటే ఆ తోటకు నేనే పెద్దదిక్కునని మురిసిపోయేదాన్ని.

అంతలో ఆ కాగితాలు వచ్చాయి. అగ్గిపెట్టెంత పసుపు ముక్కలు. తడి చుక్క పడితే అక్కడ నీలం మచ్చ తేలుతుంది. వాటికి తెలిసిన విద్య అంతే. అయినా పరిశోధకురాలు వకుళ మేడం వాటిని చేతికి తొడుగులు వేసుకుని మరీ పట్టుకునేది. నన్ను మాత్రం వరండాలో బోర్లించి పోయేది. నాకు ఒళ్లు మండేది.

ఎంత తక్కువ మందుతో పురుగు చస్తుందో, అది గాలికి ఎంత దూరం పోతుందో తేల్చడానికి మేడం మూడేళ్లకు నిధులు అడిగింది. ఇవ్వకపోతే పని అక్కడితో ఆగిపోతుంది. తొలకరి పడ్డాక కమిటీ చూడవచ్చింది. ఆ రోజు నాలో పోసింది వట్టి నీళ్లే. లచ్చుబాయి కొట్టింది. టేకు వరుసల్లో పెట్టిన కాగితాలన్నీ నీలంగా మారాయి.

"పంపు భేషుగ్గా కొడుతోంది కదమ్మా! ఇంకా పరిశోధన దేనికి?" అన్నాడు కమిటీ పెద్ద.

నా జన్మలో విన్న మొదటి మెప్పు అది. మేడం ముఖం మాత్రం వాడిపోయింది.

లచ్చుబాయి వాళ్ల గూడెంలో ఇంటికో ఇప్పచెట్టు ఉంటుంది. గింజలు రాలే రోజుల్లో ఎవరి చెట్టు కింద వాళ్లు ఊడ్చి పెట్టుకుంటారు. ఆ ఉదయం తన చెట్టు కింద ఊడుస్తూ, మిగిలిన కాగితం ఒకటి అక్కడ పెట్టి, ఎగిరిపోకుండా ఒక మూల మీద చిన్న రాయి ఉంచింది. ఇప్పుడు వెళ్లి తెచ్చింది. అంచుల దాకా నీలం చుక్కలే.

"గా కాగితం లోపల పెట్టు!" గదిమాడు సూపర్వైజర్ నర్సింగ్. "పైసలిచ్చెటోళ్ల ముందల గిదేం కత?"

"ఎందుకు పెట్టాలె? ఏడాదంతా మేం తినేది ఆ గింజల నూనెనే. ఇయ్యాల నీళ్లు పడ్డయి, రేపు మందు పడితె నువ్వు తింటవా నర్సింగన్నా?"

మేడం ఆ కాగితం అందుకుని తిన్నగా పెద్దాయన చేతిలో పెట్టింది. "నేను టేకు తోటలోనే పెట్టించాను సార్. అక్కడ పెట్టాలని నాకు తట్టనే లేదు."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఎంత దూరం?"

"నలభై అంగలు సారూ. మీరు నడువుండ్రి, సూపిస్త."

నడిచాడు. నా ఊసు మళ్లీ ఎత్తలేదు.

నిధులు వచ్చాయి. ఇప్పుడు చుక్కలు లావుగా పడి గాలికి కొట్టుకుపోకుండా నా నోటికి కొత్త బిళ్ల బిగించారు. గాలి తిరిగితే లచ్చుబాయి ఆగిపోతుంది. రోజూ ఇప్పచెట్ల కింద కాగితాలు పెడతారు. చుక్క పడకుండా పసుపుగానే తిరిగొస్తే మేడం దాన్ని పైకెత్తి అందరికీ చూపించి నవ్వుతుంది. లచ్చుబాయి గింజలు ఏరుకోవడానికి పోతుంది. ఒళ్లు వంచి పని చేసింది నేను. ఏమీ అంటకుండా పడుకున్నందుకు మెప్పు ఆ పసుపు ముక్కకి.