మూసి ఉందన్న గెలాక్సీ

తొర్గిన్‌కి అరవై నిండాయి. ఆల్మాటీ ఎగువన కొండమీది అబ్జర్వేటరీలో ముప్పై ఏళ్లుగా ఆమెది ఒకటే ధ్యాస. చిన్న గెలాక్సీల్లో పుట్టే తీక్షణమైన కాంతి, పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత వాడి కాంతి, చుట్టూ కమ్ముకున్న వాయువును దాటి బయటపడుతుందా, లేదా? అది నేరుగా అంత సులువుగా కంటబడదు. అందుకని వర్ణపటంలో మెగ్నీషియం జంట గీతలు చూసేది. మొదటి గీత రెండోదానికి రెట్టింపు ఉంటే దారి తెరిచి ఉన్నట్టు. రెండూ సమానమయ్యేకొద్దీ మూసుకున్నట్టు.

పదేళ్ల కింద పదకొండు గెలాక్సీలు కొలిచి, నాలుగు తెరిచి ఉన్నాయనీ ఏడు మూసి ఉన్నాయనీ రాసింది.

ఆగస్టులో ఒక పొద్దున, ఆమె దగ్గరే చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్న జానిల్, నూనెలో వేయించిన పిండి ఉండలు, బౌర్సాకులు, సంచీడు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమే, సంబంధం మాట్లాడ్డానికొచ్చినట్టు ఆ నిలబడటమేంటి?"

"కోప్పడనంటే చెప్తాను అపాయ్," అంది జానిల్, చదువు చెప్పినామెని అక్కడ పిలిచే పిలుపుతో.

"అలాంటి మాట నేనెప్పుడైనా ఇచ్చానా? టీ పోసుకుని చెప్పు."

జానిల్ ఒక కాగితం బల్లమీద పెట్టింది. "ఏడో గెలాక్సీ. మీరు మూసి ఉందన్నారు. తెరిచే ఉంది. కొత్త వర్ణపటంలో మొదటి గీత దాదాపు రెట్టింపుంది."

తొర్గిన్ మొహం వేడెక్కింది. "నా కొలత తప్పంటావ్?"

"కొలత కాదు అపాయ్, ఊరి దీపాలు. అప్పట్లో వీధుల్లో పాదరసం దీపాలుండేవి కదా. వాటి గీత సరిగ్గా ఈ గీత మీదే పడింది. దీపాల వెలుగు తీసేస్తూ గెలాక్సీది కూడా కొంత తీసేశారు. ఇప్పుడా దీపాల్లేవు."

"సరే, వెళ్లు. నేను చూసుకుంటాను."

తొర్గిన్ పాత ఫైళ్లు తెరిచింది. పాదరసానికి వేరే గీతలు కూడా ఉంటాయి. వాటిని బట్టి ఆ రాత్రి ఆకాశంలో దీపాల వెలుగు ఎంతుందో లెక్కగట్టి, అంతే తీసింది. మధ్యాహ్నానికి మొదటి గీత లేచి నిలబడింది. రెండోదానికి 1.8 రెట్లు.

కాసేపు మనసు చివుక్కుమంది. ఆ తర్వాత పైకే నవ్వేసింది. ఆ గెలాక్సీలో ఆక్సిజన్ గీతలన్నీ దారి తెరిచి ఉందనే చెప్పేవి, ఈ ఒక్కటే అడ్డం తిరిగేది. పదేళ్లుగా గొంతులో ఉన్న ముల్లు దిగిపోయినట్టయింది.

జానిల్‌ని కేకేసింది. "సవరణ వ్యాసం రాయి. నీ పేరు ముందు."

"అయ్యో, మీది కదా ముందుండాల్సింది!"

"తప్పు చెయ్యడంలో నేనే ముందు, దిద్దడంలోనూ నేనే ముందా? ఇంతకీ ఇది ఎప్పుడు తెలిసింది నీకు?"

"మార్చిలో."

"అయిదు నెలలు దాచావా! నేనంత రాక్షసినా?"

జానిల్ టీ ఊదుకుంటూ తాగింది.

"బాగుంది! కుర్చీ ఇలా లాక్కో. మూసి ఉన్నాయన్నవి ఇంకా ఆరున్నాయి."

సాయంత్రానికి ఇంకొకటి అనుమానంగా తేలింది. తొర్గిన్ ఇంటికి ఫోన్ చేసి, మాంసం ఈరోజు నువ్వే ఉడికించమని మొగుడికి చెప్పి, బౌర్సాకు నోట్లో వేసుకుని మళ్లీ లెక్కలో పడింది.